కెమెరా పట్టుకునే మనిషి

సత్యవాణి ఫ్రీజర్‌లో పడుకున్న కెమెరాల్లో అది మూడోది. కొబ్బరి తురుము డబ్బాకీ తరిగిన మునక్కాడల కవరుకీ మధ్య, ప్లాస్టిక్ సంచీలో చుట్టి, పైన ‘ముట్టుకోవద్దు’ అని కాగితం అంటించి మరీ పెట్టింది. నలభై నిమిషాలయ్యాక తీసి, బ్యాటరీ ఎంత మిగిలిందో చూసి ల్యాప్‌టాప్‌లో రాసుకోవాలి. జపాన్‌లో, హొక్కైదో కొండల మీద, ఫిబ్రవరిలో మైనస్ పది దాకా ఉంటుందట. ఆ చలికి బ్యాటరీలు సగంలోనే చేతులెత్తేస్తాయట. సింగపూర్‌లో, బుకిట్ బటోక్‌లో తొమ్మిదో అంతస్తు ఫ్లాట్‌లో అంత చలి ఇంకెక్కడ దొరుకుతుంది? ఏడాది పొడుగునా చెమటలు కారే ఊళ్ళో మంచు మీద వాడే కెమెరాని పరీక్షించాలంటే ఫ్రిజ్‌నే నమ్ముకోవాలి.

“అమ్మా, నా ఐస్‌క్రీమ్ పక్కన కెమెరా ఏంటి? సో వియర్డ్ లా,” అంది కూతురు కీర్తిక సింగపూర్ యాసలో, చేతిలో స్పూన్‌తో.

“ముందు తలుపు వెయ్యి. చల్లదనం పోతోంది.”

“ఆన్‌లైన్‌లో అన్ని రివ్యూలున్నాయి కదా. చూసి కొనేయొచ్చు వాట్.”

“వాళ్ళు పరీక్షించింది కొత్తది. మనం కొనేది ఇంకొకళ్ళు వాడింది. అయిదు వందల డాలర్లు దాటకూడదు, పదేళ్ళు పనిచెయ్యాలి. ఇవన్నీ రివ్యూలో ఉండవు,” అంది సత్యవాణి. కీర్తిక కాలేజీలో చదువుతోంది. ఫీజు కట్టేది ఒక్క జీతం. ఆ ఒక్క జీతంలోంచి అయిదు వందలు పక్కకు తీయడానికి ఆమె మే నుంచీ ఆఫీసుకు డబ్బా కట్టుకుని వెళ్తోంది.

ఆమె ఉద్యోగం కూడా ఇలాంటిదే. పాయా లేబర్‌లో ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్ విభాగంలో టెస్టర్. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడానికే ఆమెకు జీతమిస్తారు. ఇరవై రెండేళ్ళుగా పడుతోంది. ముప్పై ఏళ్ళ కుర్రాళ్ళు ఆమె పంపిన తప్పుల జాబితా తెరవాలంటే ముందు టీ తాగి వస్తారని ఆఫీసులో చెప్పుకుంటారు. ఆమెకు ఒక పద్ధతుంది. పని మధ్యలో ఎవరైనా వచ్చి ‘ఇలా కాదు, అలా కావాలి’ అంటే ఆమె రెండే ప్రశ్నలు వేస్తుంది. మార్చమన్నది ఎవరు? ఎందుకు మార్చమన్నారు? జవాబు కాగితం మీద వచ్చేదాకా కుర్చీలోంచి లేవదు. అంతటి మనిషి ఇంటి దగ్గర మాత్రం ఆ రెండు ప్రశ్నలూ ఆఫీసు లాకర్‌లో పెట్టేసి వచ్చేది. అదే ఆమె కొంప ముంచింది.

చాముండేశ్వరి పక్క బ్లాకులో ఉంటుంది. పదకొండేళ్ళ కిందట, లిఫ్ట్ దగ్గర, సత్యవాణి చేతి సంచీలోంచి కరివేపాకు రెమ్మ బయటికి కనబడితే “మీరు తెలుగువాళ్ళా?” అని అడిగిన మనిషి. ఇద్దరివీ గోదావరి పక్క ఊళ్ళే. వారం తిరిగేసరికి ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చింది, నెల తిరిగేసరికి ‘వదినా’ వచ్చింది. ఎవరు ఎవరికి వదిన అవుతారో ఇద్దరికీ తెలియదు. చుట్టరికం లేనిచోట ఆ పిలుపే చుట్టరికమై కూర్చుంది. నాలుగేళ్ళ కిందట సత్యవాణి భర్త బాలు ఆఫీసుకు వెళ్తూ రైల్లోనే కుప్పకూలిపోయినప్పుడు, పదమూడు రోజులూ చాముండేశ్వరి ఆ ఇంట్లోనే పడుకుంది. కీర్తికకు తల దువ్వింది. సత్యవాణి చేత బలవంతాన మజ్జిగ తాగించింది. అలాంటి మనిషిని ‘ఎందుకు’ అని ఎవరడుగుతారు?

ఈ మంచు పిచ్చి పట్టించిందీ చాముండేశ్వరే. ఏప్రిల్‌లో ఒక మాల్‌లో స్కీయింగ్ నేర్పే చోటుకు టిక్కెట్లు చవగ్గా వచ్చాయని లాక్కెళ్ళింది. మంచూ లేదు, కొండా లేదు. ఏటవాలుగా ఒక పెద్ద తివాచీ, అది కింది నుంచి పైకి తిరుగుతూనే ఉంటుంది, దాని మీద కాళ్ళకు పొడుగాటి బద్దలు కట్టుకుని జారాలి. మొదటి అరగంటలో సత్యవాణి నాలుగుసార్లు వెల్లకిలా పడింది. నాలుగోసారి పడ్డాక లేవలేదు. చాముండేశ్వరి కంగారుగా వంగి చూస్తే నవ్వుతోంది. కళ్ళమ్మట నీళ్ళు కారేలా, పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

“నిన్నిలా చూసి ఎన్నాళ్ళయిందొదినా,” అంది చాముండేశ్వరి. “నిజం మంచు మీదకెళ్దాం. మనిద్దరమే. మొగుళ్ళూ వద్దు, పిల్లలూ వద్దు.” మొగుళ్ళు అన్నాక నాలుక కరుచుకుంది, కానీ సత్యవాణి పట్టించుకోలేదు. “నువ్వు జారుతుంటే వెనకాల నేనొస్తూ వీడియో తీస్తా. నేను జారుతుంటే నువ్వు తియ్యి. ముసలైపోయాక చూసుకుందాం.”

ఫిబ్రవరిలో వెళ్దామనుకున్నారు. మే, జూన్ నెలల్లో ఇద్దరూ పది క్లాసులు పూర్తి చేశారు. సత్యవాణి ఫిబ్రవరి పదకొండు నుంచి అయిదు రోజులు సెలవు అడిగి తీసుకుంది. బాలు పోయాక ఆమె సెలవు పెట్టింది అదే మొదటిసారి. ఈ నాలుగేళ్ళలో ఆమె ఆఫీసుకూ ఇంటికీ తప్ప ఎక్కడికీ వెళ్ళలేదు, ఎక్కడికైనా వెళ్ళాలని కూడా అనిపించలేదు. ఇప్పుడు అనిపిస్తోంది. రాత్రి పడుకోబోయే ముందు తెల్లటి కొండ ఒకటి కళ్ళ ముందుకొస్తోంది. అందుకే ఆ కెమెరా అంటే అంత ప్రాణం పెట్టింది. టిక్కెట్ల మాట ఎత్తితే చాముండేశ్వరి “రేట్లు తగ్గనీ ఒదినా” అంటూ వచ్చింది, సరేలే అనుకుంది.

ఆగస్టులో సత్యవాణి మొదటి షీటు తయారుచేసింది. పైన ‘వాడేవాళ్ళు: ఇద్దరు’ అని రాసింది. ఒకరు జారుతుంటే ఒకరు వెనక నుంచి తీస్తారు కాబట్టి కుదుపు తెలియకూడదు. గ్లోవ్స్‌తోనే మీట నొక్కగలగాలి. చేతిలోంచి జారితే పగలకూడదు. తెల్లటి మంచు బూడిద రంగులో పడకూడదు. ఫోన్‌లో చదివి వినిపిస్తే చాముండేశ్వరి “ఊఁ” అంది.

పరీక్షలు ఎలా జరిగాయో చెప్పాలి, లేకపోతే ఆమె పడ్డ పాటు మీకు తెలియదు. ఒక కెమెరా ఆఫీసులో అడిగి తెచ్చింది, ఒకటి కీర్తిక కాలేజీ క్లబ్బుది, ఒకటి రెండు రోజులకు అద్దెకు తీసుకుంది. పాసిర్ రిస్ పార్కులో చాముండేశ్వరిని ముందు సైకిల్ తొక్కించి, వెనక తను ఒక చేత్తో హ్యాండిల్, ఒక చేత్తో కెమెరా పట్టుకుని తొక్కి, చెట్ల వేర్లు లేపిన దారి మీద కుదుపు ఎంత తెలుస్తోందో చూసింది. మోచెయ్యి గీరుకుపోయింది. ఓవెన్‌లోంచి గిన్నెలు తీసే మందపాటి గ్లోవ్స్ వేసుకుని ఒక్కో మీటా యాభైసార్లు నొక్కింది. కామన్ కారిడార్‌లో ఎండ పడే చోట నల్లటి ట్రే మీద బియ్యప్పిండి పరిచి, దాన్ని మంచు అనుకుని తీసింది. పక్కింటి చైనీస్ ఆంటీ అది ఏదో పూజ అనుకుని చెప్పులు విప్పి పక్కనుంచి వెళ్ళింది. చల్లటి గదిలోంచి వెచ్చటి గదిలోకి వస్తే లెన్స్‌కి ఆవిరి పడుతుందని చదివి, ఏసీ మాల్‌లో గంట కూర్చుని బయటికొచ్చి, ఆవిరి ఎన్ని నిమిషాలకు వదిలిందో లెక్క రాసుకుంది. ఈ ఒక్క పరీక్షకు మాత్రం సింగపూర్ ఎండ కలిసొచ్చింది.

సెప్టెంబర్‌లో చాముండేశ్వరి ఫోన్ చేసి, “వదినా, వెనకాల నుంచి తీసేది కాకుండా, కింద నిలబడి దూరం నుంచి తీసేది ఉంటే బాగుంటుందేమో. పైనుంచి వచ్చేవాళ్ళందరూ పడాలి,” అంది.

ఆఫీసులో అయితే ఆ ‘అందరూ’ దగ్గరే ఆగిపోయేది. ఇంట్లో కనక కొత్త షీటు తెరిచింది. మళ్ళీ ఫ్రీజర్, మళ్ళీ బియ్యప్పిండి.

అక్టోబర్ ఆఖర్న ఇంకో ఫోన్. “అసలు ఎవరూ పట్టుకోనక్కర్లేకుండా తీసేవి వచ్చాయట కదొదినా. కర్రకి తగిలించి వదిలేస్తే చుట్టూ అన్నీ పడతాయట. ఎనిమిది మంది దాకా ఫ్రేమ్‌లో పట్టాలి. చిన్నపిల్లల హెల్మెట్‌కి తగిలించే క్లిప్ కూడా దొరుకుతుందేమో చూడు. డిసెంబర్ మొదటి వారానికల్లా చేతికొస్తే నేను కాస్త ప్రాక్టీస్ చేసుకుంటాను.”

మూడో షీటు తయారైంది. నాలుగు వందల ఎనభైకి, నాలుగు దిక్కులా ఒకేసారి చూసే కెమెరా ఒకటి దొరికింది. అమ్మే అతను పాయా లేబర్ స్టేషన్ గేటు దగ్గరికి తెచ్చి ఇచ్చాడు. సత్యవాణి అక్కడే, జనం తోసుకుని వెళ్తుంటే, గోడకి ఆనుకుని ఇరవై నిమిషాలు పరీక్ష చేసింది. అతను రెండుసార్లు గడియారం చూసుకుని, మూడోసారి ఇంకో అయిదు డాలర్లు తగ్గించాడు.

సోమవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమె ఆ కెమెరాని జగన్మోహనరావుకు చూపించింది. ఆయన ఆఫీసులో సీనియర్ అనలిస్ట్. కస్టమర్లకు ఏం కావాలో తెలుసుకుని కాగితం మీద పెట్టడం ఆయన పని. రాజమండ్రి మనిషి, యాభై ఎనిమిదేళ్ళు, నిదానస్థుడు. అన్నంలో పెరుగు కలుపుకుంటూ మూడు షీట్లూ ఆమె ల్యాప్‌టాప్‌లో వరసగా చదివాడు. పనిలో పడితే ఆయన ఎదుటివాళ్ళ ముఖం చూడడు.

“బ్రహ్మాండంగా చేశారమ్మా. బ్యాంకుకి కూడా ఇంత బాగా చెయ్యలేదు మీరు.”

“ఎవరూ పట్టుకోనక్కర్లేదు సార్. దాని పాటికి అదే తీసుకుంటుంది,” అంది సత్యవాణి గర్వంగా.

“మరి మీరేం చేస్తారు?”

“అంటే?”

“మొదటి షీటులో ఇద్దరున్నారు. ఒకరు జారేవాళ్ళు, ఒకరు కెమెరా పట్టుకునేవాళ్ళు. మూడో షీటుకొచ్చేసరికి ఎనిమిది మంది అయ్యారు, పిల్లలు కూడా వచ్చారనుకుంటాను. కానీ కెమెరా పట్టుకునే మనిషి తగ్గిపోయింది. తేదీ కూడా డిసెంబర్‌కి జరిగింది.” ఆయన స్పూనుతో అన్నం నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, ఉద్యోగ ధర్మంగా అడిగాడు. “ఇంతకీ ఆ కెమెరా పట్టుకునే మనిషెవరమ్మా?”

“నేనే సార్,” అంది సత్యవాణి.

ఆయన తలెత్తి ఆమె ముఖం చూశాడు. స్పూను కింద పెట్టేశాడు. “అది కాదమ్మా, నేను ఊరికే షీటు చూసి అన్నాను. నాకేం తెలుసు,” అని సర్దబోయాడు. సత్యవాణి “లేదు సార్, మీరు సరిగ్గానే చదివారు,” అని డబ్బా మూత పెట్టింది.

ఆ మధ్యాహ్నం ఆమె సీటులో కూర్చుని ఒక్క తప్పూ పట్టలేదు. స్క్రీన్ చూస్తూ కూర్చుంది. కోపం ముందు తన మీదే వచ్చింది. ‘అందరూ’ అంటే ఎవరని అడగలేదు. ఎనిమిది మంది ఎవరని అడగలేదు. చిన్నపిల్లల హెల్మెట్ అంటే, కీర్తికకు ఇరవై ఏళ్ళు, చాముండేశ్వరి కొడుకు ఆర్మీ సర్వీసులో ఉన్నాడు, మరి చిన్నపిల్లలు ఎక్కణ్ణుంచి వచ్చారని అడగలేదు. అడక్కపోగా, ఆ క్లిప్ కోసం మూడు దుకాణాలు తిరిగింది. తర్వాత, రైల్లో వెళ్తుంటే, ఇంకో ఆలోచన వచ్చింది. నేనే తప్పుగా అనుకుంటున్నానేమో, ఫిబ్రవరికే ఇంకొందరిని కలుపుకుని నన్ను ఆశ్చర్యపరుద్దామనుకుందేమో, చాముండి అలాంటిది కాదు. ఆ మాట పట్టుకుని వేలాడుతూ శనివారం దాకా గడిపింది.

శనివారం పొద్దున్న బుకిట్ బటోక్ మార్కెట్ పక్క, తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌లో కలుసుకున్నారు. కూరలు కొన్నాక అక్కడ కాఫీ తాగడం పదకొండేళ్ళ అలవాటు. చాముండేశ్వరి ముందే వచ్చి, ఫ్యాన్ కింద టేబుల్ పట్టి, రెండు కాఫీలు తెచ్చి పెట్టింది. సత్యవాణికి చక్కెర తక్కువగా చెప్పించింది. అది కూడా అలవాటే.

కెమెరా బయటికి తీయగానే చాముండేశ్వరి ముఖం వెలిగిపోయింది. “ఇంత చిన్నదా? ఇదేనా అన్నీ తీసేది?” అని అరచేతిలో తిప్పి చూసుకుంది. సత్యవాణి అడగాల్సింది గొంతులోనే పెట్టుకుని, చెప్పాల్సింది చెప్పడం మొదలుపెట్టింది. ఈ మీట ఆన్, ఇది ఆఫ్. చలికి బ్యాటరీ ముప్పావు గంటకు మించి రాదు, రెండోది లోపలి జేబులో, ఒంటికి ఆనేలా పెట్టుకోవాలి. గదిలోకి రాగానే బయటికి తీయకూడదు, సంచీలోనే పది నిమిషాలు ఉంచాలి. వెలుగు ఒక మెట్టు పెంచి పెట్టాను, లేకపోతే మంచు మురికిగా పడుతుంది. చాముండేశ్వరి బుద్ధిగా తలూపుతూ, ఫోన్‌లో రాసుకుంటోంది. ఇరవై నిమిషాలు అలా చెప్పింది. చెబుతున్నంతసేపూ, అంతా మామూలుగానే ఉన్నట్టు, ఇద్దరూ కలిసి కొండెక్కబోతున్నట్టు అనిపించింది. చెప్పడానికి ఇంకేం మిగల్లేదు.

“ఎనిమిది మంది ఎవరొదినా?” అంది.

చాముండేశ్వరి రాస్తున్న వేలు ఆగింది. “ఏ ఎనిమిది మంది?”

“ఫ్రేమ్‌లో పట్టాల్సినవాళ్ళు.”

పక్క టేబుల్ దగ్గర ఎవరో పళ్ళేలు ఎత్తి తీసుకెళ్ళారు. చాముండేశ్వరి కాఫీ కప్పుని ఒకసారి ఇటు తిప్పింది, ఒకసారి అటు తిప్పింది. “చెబుదామనే అనుకుంటున్నానొదినా. ఇవాళ చెప్పేద్దామనే వచ్చాను. పాసిర్ రిస్‌లో నందిత వాళ్ళు లేరూ, పృథ్వీ గారి ఫ్యామిలీ. వాళ్ళిద్దరూ, వాళ్ళ పిల్లలిద్దరూ, పృథ్వీ గారి తమ్ముడు వరుణ్, వాళ్ళావిడ, నేనూ, మీ అన్నయ్యగారూ. డిసెంబర్ పన్నెండుకి. అంటే స్కూల్ హాలిడేస్ కదా, ఆ పిల్లల కోసం.”

“హొక్కైదోకే.”

“ఆఁ, అక్కడికే. నందితే అన్నీ చూసుకుంది.”

“ఎప్పుడు బుక్ చేశారు?”

“అదేదో ఆఫర్ వచ్చిందని తొందరపెట్టేసిందొదినా.”

“ఎప్పుడు?”

“జులైలో.”

సత్యవాణి ఆ మాట మొదట సరిగ్గా పట్టుకోలేకపోయింది. తర్వాత నెలలు వరసగా నిలబెట్టి చూసుకుంది. జులై తర్వాత ఆగస్టు. ఆగస్టులో మొదటి షీటు. జగన్మోహనరావు చదివిన దాని ప్రకారం మనిషి మూడో షీటులో తగ్గిపోయింది. కాదు. మొదటి షీటు రాసేనాటికే ఆ మనిషి లేదు. ‘వాడేవాళ్ళు: ఇద్దరు’ అని రాసుకున్నది తనే, ఎవరూ చెప్పకుండానే. అవతల నుంచి వచ్చింది ఒక్క ‘ఊఁ’. పార్కులో సైకిల్ మీద ముందు వెళ్తున్నప్పుడూ, మోచేతికి పసుపు రాస్తున్నప్పుడూ, చాముండేశ్వరికి అన్నీ తెలుసు.

“సైకిల్ తొక్కావు కదే నాతో,” అంది సత్యవాణి. గొంతు ఆమెకే కొత్తగా వినబడింది.

“నువ్వంత ఉత్సాహంగా ఉంటే ఎలా చెప్పనొదినా? ఇన్నాళ్ళకి ఏదో ఒకదాంట్లో పడ్డావు, పోనీ చెయ్యనీ అనుకున్నాను. పైగా నందిత వాళ్ళకి కెమెరాల గురించి ఏమీ తెలీదు. మా వదిన అయితే ప్రాణం పెట్టి చూస్తుందని నేనే చెప్పాను. డబ్బులు ఇప్పుడే పంపిస్తాను, అందరం వేసుకున్నాం.”

“ఫిబ్రవరి?”

“ఫిబ్రవరిలో మళ్ళీ అంటే మీ అన్నయ్యగారు ఒప్పుకోరు. వచ్చే ఏడు చూద్దాం.”

“నన్ను ఒక్కమాట అడగలేదు. తొమ్మిదో మనిషిగా వస్తావా అని.”

చాముండేశ్వరి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు నిజమైనవే, అదే సత్యవాణికి భరించరానిదైంది. అబద్ధపు నీళ్ళయితే తేలిగ్గా ఉండేది.

“నిజం చెప్పమంటావా ఒదినా? అడుగుదామనే అన్నాను నేను. వాళ్ళే వద్దన్నారు. అందరూ జంటలు. రూములు కూడా అలాగే తీసుకున్నారు. నీ ముందు మొగుడూ పెళ్ళాలు సరదాగా ఉండాలన్నా, ఏదో జోకు వేసుకోవాలన్నా, నీకెలా ఉంటుందో అని చూసుకోవాలి. నవ్వే ముందు ఒకసారి నీ ముఖం చూసి నవ్వాలి. వాళ్ళన్నారని కాదు కానీ.” ఇక్కడ ఆమె ఆగి, ఆపి ఉండాల్సిన మాటను ఆపుకోలేకపోయింది. “నాలుగేళ్ళుగా నేనూ అలాగే నవ్వుతున్నానొదినా. ఒక్క వారం మామూలుగా నవ్వుకుందామనిపించింది.”

సత్యవాణికి అనడానికి చాలా ఉన్నాయి. తివాచీ మీద పడి లేవలేకుండా నవ్వింది ఎవరు? అప్పుడు నువ్వు ఎవరి ముఖం చూసి నవ్వావు? ఆ నవ్వు చూసే కదా రమ్మన్నావు? పదమూడు రోజులు పక్కన పడుకుని, ఆ పదమూడు రోజులనీ బరువుగా మోస్తూ తిరుగుతున్నావని ఏనాడైనా చెప్పావా? చెబితే నేను నీ కాఫీ దగ్గరికి వచ్చేదాన్నా? ఇవన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడి, ఏదీ బయటికి రాలేదు. మోసం అని పేరు పెడదామంటే, ఎదురుగా చక్కెర తక్కువ కాఫీ ఉంది. ప్రేమ అని పేరు పెడదామంటే, జులై ఉంది.

మాటలు లేకపోతే చాముండేశ్వరికి ఊపిరాడదు. ఏదో ఒకటి చేసి పరిస్థితిని మామూలు చెయ్యాలి. చేతిలో కెమెరా ఉంది. చెప్పినట్టే బొటనవేలితో మీట నొక్కింది, చిన్న ఎర్రదీపం వెలిగింది. కళ్ళు తుడుచుకుని, కెమెరా పైకెత్తి పట్టుకుంది.

“పోనీలే ఒదినా, అలా ఉండకు. సరిగ్గా నేర్చుకున్నానో లేదో చూడు. ఏదీ, ఇటు చూడు. ఒక్కసారి నవ్వు.”

సత్యవాణి చెయ్యి చాపి, అరచెయ్యి పూర్తిగా తెరిచి, ఆ లెన్స్ మీద ఆనించింది. గాజు చల్లగా తగిలింది. అలాగే పట్టుకుని ఉంచింది.

“నన్ను తియ్యకండి, చాముండేశ్వరి గారూ,” అంది.

గొంతు పెంచలేదు. ఆఫీసులో కొత్తవాళ్ళతో మాట్లాడినట్టు, మర్యాదగా అంది. తిట్టి ఉంటే చాముండేశ్వరి బదులు చెప్పేది, ఏడ్చి ఉంటే పక్కకొచ్చి కూర్చునేది. ఆ ‘గారు’ విని ఆమె వేళ్ళు వాటంతట అవే వదులయ్యాయి.

సత్యవాణి ఆ వేళ్ళలోంచి కెమెరా తీసుకుని, ఎర్రదీపం ఆర్పి, కూరల సంచీలో బెండకాయల మీద పెట్టుకుంది. కాఫీ సగం అలాగే ఉంది. లేచి టేబుళ్ళ మధ్యనుంచి బస్‌స్టాప్ వైపు నడిచింది. వెనక నుంచి “వదినా, వదినా” అని రెండుసార్లు పిలుపు వినబడింది. ఆ సెంటర్‌లో శనివారం పొద్దున్న తెలుగువాళ్ళు చాలామందే ఉంటారు. ఎవరో ఎవరినో పిలుస్తున్నారనుకుని ఆమె ముందుకు వెళ్ళిపోయింది.